అన్నిటికీ ‘అందింది’ అనే పేజీ

ఒకే ఒక్క లైనుని కింది నుంచి పైకి జరిపి, వేలమంది పనివాళ్ళ ముందు మూసుకుపోయిన గేట్లు తెరిపించినవాణ్ణి నేను. జంషెడ్‌పూర్‌లో కంప్యూటరు ముట్టుకున్న తెలుగువాళ్ళలో ఇంతటి ఘనకార్యం చేసినవాడు మరొకడుంటే చూపించండి. వెళ్ళి చెయ్యి కలిపి వస్తాను.

సరే. ఇది పెళ్ళిళ్ళలో చెప్పే కథ. ప్లేటులో స్వీటు పడగానే "వేలమంది" అంటాను. రెండో స్వీటు పడితే "ఫర్నేసు చల్లారిపోయేదండీ" అని కూడా అంటాను. మా ఆవిడ పక్కనుంటే మాత్రం మొదటి స్వీటు దగ్గరే ఆపేస్తుంది. "ముందు తినండి, ఉక్కు సంగతి తర్వాత చూద్దురు గాని" అంటుంది.

కానీ ఇప్పుడు చదువుతున్నది మీరు. మన కద్మా, సిద్ధగోరా పేటల తెలుగు పిల్లల్లో చాలామంది ఈ వృత్తిలోకే దిగుతున్నారని విన్నాను. మీ దగ్గర కూడా గొప్పలు చెప్పి వదిలేస్తే, నమ్మి రేపు మీరూ నాలాగే చేస్తారు. అందుకని ముందు నాకు అలవాటైన తీరులో ఊదుతాను, తర్వాత నేనే గాలి తీస్తాను. ఊదకుండా చెప్పమంటే ఈ వయసులో నా వల్ల కాదు.

నేను పనిచేసింది గమ్హరియా వైపున్న ఒక ఠేకేదారు ఆఫీసులో. కర్మాగారాలకి వెల్డర్లనీ, రిగ్గర్లనీ, ఖలాసీలనీ పంపించే కాంట్రాక్టరు. పేరెందుకు లెండి. టైపిస్టుగా చేరాను. టైపు మిషను అటకెక్కి కంప్యూటరు దిగినప్పుడు, "దానికీ మీటలే, దీనికీ మీటలే, నువ్వే కూర్చో" అన్నాడు మా మాలిక్, అంటే యజమాని. నా ప్రోగ్రామరు చదువు ఆ ఒక్క మాటతో పూర్తయింది. మిగతాదంతా చీవాట్లు తింటూ నేర్చుకున్నదే. ఉద్యోగం చివరి ఏళ్ళకి వెబ్ అప్లికేషన్లు కట్టేవాణ్ణయ్యాను. కట్టడమంటే, ఇల్లు ఎవరో కట్టి ఇచ్చారు, దాన్ని ఫ్రేంవర్క్ అంటారు. నేను గోడలకి మేకులు కొట్టి చొక్కాలు తగిలించుకున్నాను.

ఆ మేకుల్లో ఒకదాని గురించి మాత్రం చెప్పాలి. ఎవరైనా ఫోనులో ఒక ఫారం నింపి పంపితే, అది ఒక చిరునామాతో మా సర్వరుకి వస్తుంది. ఏ చిరునామాతో వచ్చినదానికి ఎవరు జవాబు చెప్పాలో ఒక ఫైల్లో మనం రాసిపెట్టాలి. జవాబు చెప్పేవాణ్ణి హ్యాండ్లర్ అంటారు. కౌంటరు గుమాస్తా అనుకోండి. సెలవు అర్జీకి ఒక గుమాస్తా, కొత్త పాసు అర్జీకి ఇంకో గుమాస్తా. ఫ్రేంవర్కు ఆ ఫైలుని పై నుంచి కిందికి చదువుతుంది. ముందుగా ఎవడు "ఇది నాది" అంటే అర్జీ వాడి చేతిలో పెట్టేసి, అక్కడితో చదవడం ఆపేస్తుంది. ఆ కింద ఎంత సమర్థుడు నిలబడి ఉన్నా వాడి మొహం చూడదు. అందరికన్నా చివర ఒకడుంటాడు, ఎవరికీ చెందనివన్నీ వాడికి. మామూలుగా వాడు చెప్పే మాట ఒకటే, "దొరకలేదు" అని. ఇంతే. సాంకేతికం అయిపోయింది, భయపడకండి.

ఇక మా ఆఫీసు పద్ధతి. అక్కడ ‘లేదు’ అన్నది బూతుమాట. మా కౌంటర్లో ఒక పెద్ద గుమాస్తా ఉండేవాడు, బీహారు మనిషి, చాలా మంచివాడు. తన సర్వీసంతా ఎవరికీ లేదనకుండా గడిపాడు. పాసు అడిగినా, అడ్వాన్సు అడిగినా, బావమరిదికి పని అడిగినా ఒకటే జవాబు, "హో జాయేగా." అయిపోతుంది. ఎదురుగా నిలబడ్డవాడు మన వీధివాడో, మన సందువాడో, రేపు పూజ చందాకి మన గుమ్మంలోకి వచ్చేవాడో అయ్యుంటాడు. మొహం మీద లేదని ఎలా అంటాం? అయిపోద్ది అంటే వాడూ తృప్తిగా వెళ్తాడు, మనమూ ప్రశాంతంగా టీ తాగుతాం. పని కాకపోతే కాలేదు గానీ, మనం కాదనలేదు గదా. నేనూ ఆ బడిలోనే చదువుకున్నాను. మొదటి తరగతిలో పాసయ్యాను కూడా.

మా వెబ్‌సైటు వచ్చిన కొత్తలో చిరునామా తప్పు కొడితే, తెల్ల తెర మీద నల్లటి అక్షరాలతో "దొరకలేదు" అని ఇంగ్లీషులో వచ్చేది. ఒకరోజు మాలిక్ ఫోనులో అదే వచ్చింది. "నా సొంత ఆఫీసుకి నేనే దొరకలేదా?" అని అలిగాడు. మర్నాటికల్లా ఆ చివరి గుమాస్తాని మార్చేశాను. జోడించిన చేతుల బొమ్మ ఒకటి, దాని కింద హిందీలో రెండు వాక్యాలు: మీ అర్జీ అందింది. పని జరుగుతుంది.

అలా పెట్టమన్నది మాలిక్కేనని చాలాకాలం చెప్పుకొచ్చాను. ఆయన అన్నది "ఆ దరిద్రాన్ని తీసెయ్" అని మాత్రమే. చేతుల బొమ్మా, ‘అందింది’ అన్న మాటా నా కళాపోషణ. పెద్ద గుమాస్తా వచ్చి చూసి, "వాహ్, ఇది అచ్చం నాలాగే మాట్లాడుతోంది" అని నా భుజం తట్టాడు. ఆ మెప్పుతో ఆ రోజు ఇంటికి వెళ్తూ రెండు కిలోల చేప కొన్నాను. మా ఆవిడ "జీతం పెంచారా?" అంది. "అంతకన్నా పెద్దది" అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, కర్మాగారం కొత్త నియమం ఒకటి పెట్టింది. జబ్బు చేసి సెలవులో ఉన్నవాడు తిరిగి పనిలోకి రావాలంటే ఆన్‌లైన్లో అర్జీ పెట్టుకోవాలి, దాన్ని మా ఠేకేదారు పెట్టుకున్న డాక్టరు చూసి ‘ఫిట్’ అనాలి. అప్పుడే అతని గేటు పాసు మళ్ళీ పనిచేస్తుంది. దానికోసం నేనొక కొత్త హ్యాండ్లర్ రాశాను. బాగానే రాశాను, ఇందులో ఊదింది లేదు. మరి దాని పేరు ఫైల్లో ఎక్కడ పెట్టాలి? కొత్తగా వచ్చినవాడు లైను చివర నిలబడాలి. గేటు దగ్గరా అంతే, రేషను షాపు దగ్గరా అంతే. మా ఆఫీసులో నేను చేరినప్పుడు నా బల్ల మరుగుదొడ్డి తలుపు పక్కన వేశారు, ఎవరైనా ఖాళీ చేస్తే ఒక్కో బల్ల చొప్పున కిటికీ వైపు జరిగాను. ఆ క్రమశిక్షణతోనే కొత్త గుమాస్తాని అందరికన్నా కింద నిలబెట్టాను. అంటే అన్నిటికీ ‘అందింది’ అనేవాడి వెనకాల.

పరీక్షించలేదా అంటారు. పరీక్షించాను బాబూ. నా పేరు మీదే ఒక దొంగ అర్జీ పెట్టాను. చేతులు జోడించిన బొమ్మ వచ్చి, మీ అర్జీ అందింది అంది. ఎంత సంస్కారంగా చెప్పిందో! నేనూ తెరకి చేతులు జోడించి, లేచి టీకి వెళ్ళిపోయాను. నేను రాసిన మాట నాకే వినిపిస్తే నేనే నమ్మేశాను.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. సిద్ధగోరాలో మా వీధి చివర ఉండే రిగ్గరు. రిగ్గరంటే బరువులకి గొలుసులూ కప్పీలూ కట్టి, క్రేనువాడికి కింద నుంచి చేత్తో సైగలు చేస్తూ ఎత్తించేవాడు. అతని చెయ్యి ఒక్కసారి తప్పుగా ఊగితే కింద మనుషులుంటారు, అంత బాధ్యత. వాళ్ళ తాత ఇచ్ఛాపురం పక్క నుంచి వచ్చాడు. మా ఇద్దరికీ చుట్టరికం లేదు గానీ నన్ను బాబాయ్ అంటాడు. అతనికి పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టాడు. పథ్యం తిని తిని, "ఉప్పూ కారం ఎలాగుంటాయో మర్సిపోనాను బాబాయ్" అని నవ్వుతూ లేచాడు.

అతను లేచేసరికి ఒక ఫర్నేసు మరమ్మతు దగ్గరపడింది. ఫర్నేసు ఆపి చేసే పెద్ద మరమ్మతుని షట్‌డౌన్ అంటారు. దానికి గేంగులు కడతారు. అందులో ఎవడు రిగ్గరుగా ఎక్కితే, షట్‌డౌన్ అయ్యాక కూడా ఆ గేంగు ఎక్కడికెళ్తే అక్కడ వాడికే పని. ఇతను మంచం మీదున్న రోజుల్లో ఒక కుర్రాడు ఇతని జాగాలో చేస్తున్నాడు. షట్‌డౌన్ మొదలయ్యే పొద్దుటికి పాసు పనిచేస్తే నీ జాగా నీది, లేకపోతే వాడిది అని మేస్త్రీ ముందే చెప్పేశాడు.

అతను అర్జీ పెట్టాడు. చేతుల బొమ్మ వచ్చింది. ఇక రోజూ సాయంత్రం మా ఇంటి ముందు ఆగేవాడు.

"బాబాయ్, నా అర్జీ ఏటయినాది?"

"అందింది గదరా. అయిపోద్ది."

"డాక్టరు బాబు సూసినాడంతావా?"

"పెద్దవాళ్ళని తొందరపెట్టకూడదు. అయిపోద్దన్నాను గదా."

"అలాగైతే సరే. నానేటి, ఊరికే అడిగినాను."

ఊరికే అడిగినవాడు మర్నాడు మళ్ళీ ఊరికే వచ్చేవాడు.

షట్‌డౌన్ రేపనగా, పొద్దున్నే మా ఆఫీసుకే వచ్చేశాడు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కాళ్ళకి బూట్లు కూడా ఉన్నాయి. పాసు రాగానే అట్నించి అటే మేస్త్రీ దగ్గరికి పోవాలని. అరవలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఫోను తీసి ఆ పేజీ చూసుకోవడం, జేబులో పెట్టుకోవడం, మళ్ళీ తీసి చూసుకోవడం. పెద్ద గుమాస్తా అటువైపు వెళ్ళినప్పుడల్లా "హో జాయేగా భాయ్" అంటున్నాడు. అతను అన్నప్పుడల్లా ఇతను లేచి నిలబడి దణ్ణం పెడుతున్నాడు.

మా సెక్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి ఉండేది. కద్మా తెలుగు పిల్లే. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే తరం. "ఏమ్మా, భోంచేశావా?" అంటే "హాఁ అంకుల్, ఖా లియా" అనేది. ఆమె ఆ బెంచీ వైపు చాలాసేపు చూసి, "వో కౌన్ హై అంకుల్?" అని అడిగింది. ఎవరో, ఏమిటో చెప్పాను. వచ్చిన అర్జీల్లో అతని పేరు కొట్టి చూసింది.

"అంకుల్, ఇన్‌కా తో కుఛ్ ఆయా హీ నహీఁ."

ఈయనది అసలేమీ రాలేదట!

"ఎందుకు రాదమ్మా? అతని ఫోనులో చూడు, అందింది అనుంది."

"కహాఁ అందింది?" ఎక్కడ అందిందీ అని.

"పేజీ చెప్పింది గదా!"

నన్నోసారి చూసింది, తెరనోసారి చూసింది. ఆ తర్వాత మా వెబ్‌సైటు చిరునామా చివర ఏటవాలు గీత పెట్టి, దాని పక్కన బీహారీ తిండి పేరొకటి, లిట్టీ-చోఖా అని కొట్టింది.

జోడించిన చేతులు. మీ అర్జీ అందింది. పని జరుగుతుంది.

పెద్ద గుమాస్తా కుర్చీ జరుపుకుని వచ్చి, "సమోసా అడుగు, సమోసా" అన్నాడు. సమోసా కూడా అందింది. అతనికి హుషారొచ్చి, మాలిక్ బట్టతల మీద జుట్టు మొలవాలని అర్జీ కొట్టించాడు. అదీ అందింది, పని జరుగుతుందట. సెక్షనంతా పొట్టలు పట్టుకుని నవ్వాం. మాలిక్ గది తలుపు తీసి ఉందో లేదో చూసుకుని మరీ నవ్వాం.

ఆ నవ్వులు విని బెంచీ మీది మనిషి కూడా నవ్వుతూ లేచాడు.

"ఏటి బాబాయ్, వచ్చీసిందేటి?"

నవ్వు ఆగిపోయింది. ఆ అమ్మాయి నెమ్మదిగా నాతో అంది, "యే తో సబ్‌కో హాఁ బోల్ రహా హై, అంకుల్." ఇది అందరికీ ఔనంటోంది.

పెళ్ళిళ్ళలో ఈ ఘట్టం నేనెలా చెబుతానంటే, నేను ఫైలు తెరిచి, ఒక్క చూపులో తప్పు పట్టుకుని, కొత్త గుమాస్తాని కింద నుంచి పైకి జరిపాను అంటాను. నిజానికి ఫైలు తెరిచింది ఆ అమ్మాయి. ‘అందింది’ లైను మీద గోరు పెట్టి, దాని కిందున్న నా హ్యాండ్లర్ మీదికి గోరు జరిపి, నా వైపు చూసింది. ఆ లైను పైకి జరిపింది కూడా ఆమే. నేను జరిపింది నా కుర్చీ, ఆమె కూర్చోవడానికి.

వేలమంది కూడా కాదు. ఒక షేర్ ఆటోలో ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చుంటే పట్టేంతమంది. ఇక ఫర్నేసు చల్లారిపోవడం మాటకొస్తే, మరమ్మతు కోసం దాన్ని వాళ్ళే చల్లారుస్తున్నారు.

అయితే ఒక చిక్కు మిగిలింది. ఆ పేజీ ఎవరి అర్జీని దాచుకోలేదు. చేతులు జోడించి అవతల పారేసింది. ఎవరెవరు పెట్టారో దానికే తెలీదు. జబ్బు సెలవులో ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి అడగడం తప్ప దారి లేదు. నేనూ, ఆ అమ్మాయీ, పెద్ద గుమాస్తా తలా ఒక ఫోను పట్టుకున్నాం. పెద్ద గుమాస్తా మొదటి ఫోనులో, "మీ అర్జీ మాకు రాలేదు భాయ్" అని మొదలుపెట్టి, అవతలివాడి గొంతు వినగానే గాబరా పడి, "చింతా మత్ కరో, హో జాయేగా" అని ధైర్యం చెప్పి పెట్టేశాడు. ఆ అమ్మాయి అతని చేతిలోంచి ఫోను తీసుకుని, అదే నంబరుకి మళ్ళీ చేసింది. అతను పాపం చిన్నబుచ్చుకుని కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. అంత మంచివాడికి అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేరు.

ఆ అమ్మాయి చివరి గుమాస్తాని కూడా మార్చేసింది. ఈ చిరునామా మా దగ్గర లేదు, మీ అర్జీ ఎక్కడికీ చేరలేదు, ఆఫీసుకి ఫోన్ చెయ్యండి అని. చేతుల బొమ్మ తీసేస్తుంటే నా ప్రాణం విలవిల్లాడింది. "బొమ్మ ఒక్కటీ ఉంచకూడదా అమ్మా?" అన్నాను. "నహీఁ అంకుల్" అంది. ఆ ఆఫీసులో ఆ మాట అంత సులువుగా అన్నవాళ్ళని నేనదివరకు చూడలేదు.

ఇక బెంచీ మీది మనిషి. అతనికి చెప్పాలి. నేనే వెళ్ళాను. పక్కన కూర్చుని, "ఒరే, నీ అర్జీ మాకు అందలేదురా. ఇన్నాళ్ళూ నీకు చెప్పింది నిజం కాదు" అన్నాను. అతను నా చేతులు రెండూ పట్టుకుని, "పోనీలే బాబాయ్, ఇప్పటికైనా సెప్పినావు" అన్నాడు. కొత్త అర్జీ పెట్టించాం. ఆ అమ్మాయి డాక్టరుకి ఫోను చేసింది. సాయంత్రానికి పాసు ప్రాణం పోసుకుంది. మర్నాడు పొద్దున్న గేటు దగ్గర పాసు తాకించగానే పచ్చ దీపం వెలిగింది. రిగ్గరు తన జాగాలోకి నడిచి వెళ్ళాడు.

కుర్రవాళ్ళకి పెద్దవాడిగా ఏదో ఒకటి చెప్పాలి గనక చెబుతున్నాను. మీ ప్రోగ్రాము మీతో మరీ మర్యాదగా మాట్లాడితే అనుమానించండి. దానికేం తెలుసో, ఏం తెలియదో తేల్చుకోవాలంటే లిట్టీ-చోఖా అడిగి చూడండి. అది కూడా ఇస్తానంటే, ఆ ప్రోగ్రాము రాసినవాడు నాలాంటివాడని అర్థం.

ఇంతవరకు రాసి, అచ్చుకి ఇచ్చేముందు మా వీధి రిగ్గరుని పిలిచి చదివి వినిపించాను. అతనికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు, హిందీ బడిలో చదివాడు. మా వాకిట్లో కుర్చీ వేసుకుని టీ తాగుతూ విన్నాడు. సమోసా దగ్గర బాగా నవ్వాడు. పచ్చ దీపం వెలిగేసరికి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇదేటి బాబాయ్, ఇలాగ రాసీసినావు?"

"ఏం, బాగులేదా?"

"బాగుండకేటి. ఆ రోజు నువ్వు నా పక్కన కూకున్నావేటి?"

"కూర్చోలేదూ?"

"నువ్వు టీకి ఎల్లిపోనావు. ఆ గుంట వచ్చి కూకుంది. మాటలు ఎతుక్కుంటా ఎతుక్కుంటా తెలుగులో సెప్పింది, మీ కాయితం మాకాడికి రానేదు అని. నాను ఎవలి సేతులూ పట్టుకోనేదు. హెల్మెట్టు మొకానికి అడ్డం పెట్టుకున్నాను."

నేను కాగితాలు మడత పెట్టడం మొదలుపెట్టాను.

"పాసు సాయంత్రానికి వచ్చింది, అది నిజమే. గానీ మేస్త్రీ పొద్దుటిదాకా ఆగనేదు, ఆ మద్దేన్నమే గేంగు కట్టీసినాడు. పొద్దున్న గేటు దాటి నాను ఎల్లింది ఆ కుర్రోడి కింద హెల్పరుగా. షట్‌డౌన్ అయినంతకాలం ఆడు సైగ సేత్తంటే నాను గొలుసు మోసినాను. మల్లీ రిగ్గరయింది ఇంకో గేంగులో, సానా దినాలకి."

"అది నాకు తెలీదురా."

"అడగనేదు నువ్వు." టీ గ్లాసు తీసుకుని మిగిలింది తాగేశాడు. "నాను వచ్చిన మొదటి సాయంత్రమే ‘నాకు తెల్దురా’ అనీసుంటే, తెల్లారి పోయి డాక్టరు గుమ్మంలో కూకుందును బాబాయ్. నాకు కాళ్ళున్నాయి గదా."